మూర్ఛ ఉందని ఉద్యోగంలో చెప్పాలా?

మూర్ఛకు మందులు వాడుతూ, రెండు మూడేళ్లుగా ఒక్కసారి కూడా ఫిట్స్ రాకుండా ఉన్న మనిషికి కొత్త ఉద్యోగం వస్తే, ఇంట్లో మొదట వినిపించే మాట ‘అక్కడ ఎవరికీ చెప్పకు’ అన్నదే. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను మతిభ్రమణం పక్కన చేర్చి పెళ్లికి అడ్డంకిగా చూపిన మాటను 1999లో గాని తొలగించలేదు. అయినా నోరు మూసుకోవడం, ఉన్నదంతా చెప్పేయడం అనే రెండు దారులే ఉన్నాయనుకోవడం పొరపాటు. ఏ పని చేయబోతున్నారు, ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు చెబుతారు అన్నవి విడివిడిగా తేల్చుకోవలసిన సంగతులు.

ముందుగా ఆ ఉద్యోగంలో రోజూ చేయవలసిన పనులేమిటో కాగితం మీద రాసుకుని, మీకు వైద్యం చేస్తున్న న్యూరాలజిస్టు దగ్గరకు తీసుకెళ్లండి. బండి నడపడం, ఎత్తున నిలబడి పనిచేయడం, తిరిగే యంత్రం దగ్గరో కొలిమి దగ్గరో ఉండటం వంటివి అందులో ఉంటే ఇక తర్జనభర్జన అక్కర్లేదు, చెప్పి తీరాలి. చాలా సందర్భాల్లో ఆ పని ఒప్పుకోకపోవడమే మంచిది. డ్రైవింగ్ లైసెన్సు కోసం ఇచ్చే ఫారం 1లోనే మూర్ఛ ఉందా అన్న ప్రశ్న ఉంటుంది, అక్కడ లేదని రాసి చక్రం పట్టుకోవడం ఎదుటివాళ్ల ప్రాణాలతో ఆడుకోవడమే.

పగటిపూట కుర్చీలో కూర్చుని చేసే పని అయి, జబ్బు మందులతో అదుపులో ఉన్నప్పుడు చెప్పకపోవడం తప్పు కాదని నా అభిప్రాయం. ఈ రెండింటి మధ్య ఉన్నది నైట్ షిఫ్టు. నిద్ర చాలకపోవడం ఫిట్స్ తెచ్చిపెట్టే ముఖ్య కారణాల్లో ఒకటి కాబట్టి, మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో అమెరికా వేళలకు పనిచేసే టీములో చేరబోయేవారు షిఫ్టుల సంగతి చేరకముందే అడిగి తెలుసుకోవాలి. చేరాక మూడు నెలలు రాత్రిళ్లు మేలుకుని, ఫిట్స్ వచ్చిన తర్వాత చెప్పవలసి వస్తే మీ మాటకు బలం తగ్గుతుంది.

ఇంటర్వ్యూలో ఎవరూ అడగకుండా మీరే ఈ ప్రస్తావన తేనక్కర్లేదు. పని మీద ప్రభావం ఉంటుందని తేలితే, ఆఫర్ లెటర్ చేతికి వచ్చాక, చేరే తేదీకి ముందు చెప్పడం మేలు. పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకముందే ఆ మాట తేలిపోతే ఇంకా మంచిది, ఎందుకంటే ప్రొబేషన్‌లో ఉన్నవారిని పంపించేయడానికి ప్రైవేటు కంపెనీలకు పెద్ద కారణం కావలసిన పని లేదు. వైద్య పరీక్షల ఫారంలో మూర్ఛ గురించి సూటిగా అడిగితే మాత్రం అబద్ధం రాయకండి. రేపు బయటపడినప్పుడు జబ్బును వదిలేసి, తప్పుడు సమాచారం ఇచ్చారన్న కారణం చూపి తీసేయడానికి అది చాలు. ఆ వివరం ఎందుకు అడుగుతున్నారో, ఎవరు చూస్తారో తిరిగి అడిగి తెలుసుకోవచ్చు. గ్రూప్ ఇన్సూరెన్సులో క్లెయిమ్ పెట్టేటప్పుడు కూడా రోగ వివరాలు కంపెనీ దాకా ఎంతవరకు వస్తాయో ముందే కనుక్కోండి.

చెప్పవలసి వచ్చినప్పుడు రోగం పేరు కంటే మీకు కావలసిన సదుపాయమే ముందు చెప్పండి. ‘ఈ వ్యక్తి ఉద్యోగానికి తగినవారే, ఆరోగ్య కారణాల వల్ల రాత్రి షిఫ్టులు చేయరాదు’ అని డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్ చాలా చోట్ల సరిపోతుంది. దానిని హెచ్‌ఆర్‌కు ఈమెయిల్‌లో పంపుతూ ఈ తీరున రాయవచ్చు: ‘నాకు దీర్ఘకాలిక ఆరోగ్య సమస్య ఒకటి ఉంది. మందులతో అదుపులో ఉంది. పగటి షిఫ్టు కేటాయిస్తే పనికి ఎలాంటి ఆటంకం ఉండదు. డాక్టరు సర్టిఫికెట్ జతచేస్తున్నాను. ఈ వివరాలను గోప్యంగా ఉంచవలసిందిగా కోరుతున్నాను.’ టీ తాగుతూ మేనేజరు చెవిన వేసిన మాటకు రేపు సాక్ష్యం ఉండదు, పైగా సాయంత్రానికల్లా అది ఫ్లోరంతా తిరుగుతుంది. నోటితో చెప్పినా, వెంటనే ఆ సంగతిని రాతలో పెట్టండి.

చట్టం ఎంతవరకు అండగా ఉంటుందో కూడా తెలుసుకోవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ పేర్లు ఉన్నాయి గాని మూర్ఛ పేరు విడిగా లేదు. మూర్ఛతో పాటు జాబితాలోని మరో వైకల్యం ఉన్నవారు సదరం శిబిరం ద్వారానో ప్రభుత్వ ఆసుపత్రి ద్వారానో ధ్రువపత్రం తీసుకుంటే, ఆ చట్టం కింద అడిగే హక్కు ఏర్పడుతుంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తీసేయడానికి గాని హోదా తగ్గించడానికి గాని అదే చట్టంలోని 20వ సెక్షన్ ఒప్పుకోదు. ఉన్న పని చేయలేకపోతే అదే జీతంతో మరో పోస్టుకు మార్చాలి. ప్రైవేటు ఉద్యోగికి ఇంత గట్టి రక్షణ లేదు. అందుకే పైన చెప్పిన కాగితాలకు అంత విలువ.

హెచ్‌ఆర్‌కు చెప్పినా చెప్పకపోయినా, పక్క సీటులో నమ్మకమైన మనిషి ఒకరికి మాత్రం తెలిసి ఉండాలి. ఫిట్స్ వస్తే మన దగ్గర ఇప్పటికీ తాళాల గుత్తి చేతిలో పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు, పళ్ల మధ్య చెంచా దూర్చబోతారు. వీటిలో మొదటి రెండూ పనికిరానివి, మూడోది ప్రమాదకరం. తలకు దెబ్బ తగలకుండా చూడటం, ఒక పక్కకు ఒత్తిగిలేలా తిప్పి పడుకోబెట్టడం, నోట్లో నీళ్లు గాని మరేదైనా గాని పెట్టకపోవడం, అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయడం ఆయనకు ముందే నేర్పండి. ఇవే మాటలను చిన్న చీటీ మీద రాసి, మీరు వాడే మందుల పేర్లు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు కింద చేర్చి, మెడలో వేసుకునే ఐడీ కార్డు వెనుక పెట్టుకోండి.