పత్తి ఏరే నెలల్లో పెద్దపులి: చేనుకు వెళ్లే ముందు

దసరా దాటిందంటే ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ వైపు చేలన్నీ తెల్లగా విచ్చుకుంటాయి. కూలీల కోసం వెతుకులాట, ఆటోల బేరాలు, ఏరిన పత్తి వేసుకునే ఒడి గుడ్డలు ఉతికి ఆరేసుకోవడాలు. ఆ హడావుడిలోనే ఏదో ఒక ఊరి నుంచి ‘వాగు ఒడ్డున అడుగులు పడ్డాయట’ అన్న కబురు వస్తుంది. ‘ఏం గాదు తియ్’ అని కొట్టిపారేసేవాళ్లు కొందరు, భయంతో వారం రోజులు ఇల్లు కదలనివాళ్లు కొందరు. పత్తి ఆగదు కాబట్టి రెండో దారి ఎక్కువ రోజులు సాగదు. మొదటి దారిలో పోతే ఏమవుతుందో ఈ ఆసిఫాబాద్ జిల్లా చూసింది.

2020 నవంబరు 11న దహెగాం మండలం దిగిడలో ఒక యువకుడు, అదే నెల 29న పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో పత్తి చేనులో ఉన్న ఒక అమ్మాయి పులి దాడిలో చనిపోయారు. నాలుగేళ్ల తర్వాత 2024లో, మళ్లీ నవంబరు 29నే, కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర పత్తి చేనులో ఒక యువతి ప్రాణం పోయింది. ఆ మర్నాడు సిర్పూర్(టి) మండలం దుబ్బగూడలో పులి ఒక రైతు మీద పడింది; ఆయన బతికి బయటపడ్డారు. తేదీ కలవడం కాకతాళీయం. నెల కలవడానికి మాత్రం కారణాలున్నాయి.

పులులు వచ్చేది ప్రధానంగా మహారాష్ట్ర నుంచి. 2018 లెక్కల్లో అక్కడ 312 పులులుంటే 2022 నాటికి 444 అయ్యాయి. చంద్రపూర్ జిల్లాలో తాడోబా టైగర్ రిజర్వ్, దాని చుట్టుపక్కల అడవులు పులులతో నిండిపోయాయి. రెండేళ్లు నిండుతున్న మగపిల్లను తల్లి తన దగ్గర ఉండనివ్వదు, పెద్ద మగపులి తన హద్దులోకి రానివ్వదు. ఇక అది నడక మొదలుపెడుతుంది. అదే మహారాష్ట్రలో యవత్మాల్ జిల్లా టిప్పేశ్వర్ అడవిలో పుట్టి, మెడకు రేడియో కాలర్ ఉన్న ఒక మగపులి 2019-20లో తొమ్మిది నెలల్లో దాదాపు 3,000 కిలోమీటర్లు తిరిగింది. మన ఆదిలాబాద్ మీదుగా కూడా పోయింది. అంత దూరం నడిచే జీవానికి వార్ధా, పెన్‌గంగ, ప్రాణహిత పెద్ద అడ్డేమీ కాదు. పులి బాగా ఈదుతుంది. మన వైపు కవ్వాల్ అడవిని 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించారు గానీ, వచ్చిన పులులు చాలావరకు దాని నడిబొడ్డుకు చేరకుండా కాగజ్‌నగర్ వైపు అడవుల్లోనే తిరుగుతున్నాయి. ఆ అడవుల మధ్యలోనే మన చేలున్నాయి.

అక్టోబరు, నవంబరుకల్లా పత్తి నడుము ఎత్తు దాటి పెరుగుతుంది. చాలా చోట్ల చేనుకూ అడవికీ మధ్య కంచె కూడా ఉండదు. మనకు అది చేను, పులికి అడవిలో ఇంకో తునక. పగలు పడుకోవడానికి నీడ, అడవిపందుల జాడ, పక్కనే వాగులో నీళ్లు, అన్నీ అక్కడే దొరుకుతాయి.

అది వేటాడే తీరు తెలిస్తే జాగ్రత్తలు గుర్తుపెట్టుకోవడం తేలిక. పులి దూరం నుంచి తరుముకుంటూ రాదు. పొట్ట నేలకు ఆనేలా వంగి, పొదల చాటున దగ్గరదాకా వచ్చి, వెనక నుంచో పక్క నుంచో ఒక్క దూకు దూకి మెడ పట్టుకుంటుంది. తనను చూసేసిన జంతువు మీదికి వెళ్లడం దానికి దండగ. అందుకే చాలా వేటలు మధ్యలోనే వదిలేస్తుంది. నిలబడి నడిచే మనిషి దాని లెక్కలో తిండి కాదు. ఒడి కట్టుకొని, తల దించి, నడుం వంచి, చప్పుడు లేకుండా సాలు వెంట కదిలే మనిషిని వెనక నుంచి చూస్తే మాత్రం ఆ ఎత్తూ ఆ కదలికా నాలుగు కాళ్ల జంతువుకు దగ్గరగా ఉంటాయి. దీంట్లో కూలీ తప్పేమీ లేదు, పని తీరే అలాంటిది. కాబట్టి ఆ పోలికను ఎన్ని రకాలుగా వీలైతే అన్ని రకాలుగా చెడగొట్టాలి.

పొద్దున పదికి ముందు చేనులో దిగకండి, సాయంత్రం నాలుగు కల్లా బయటపడండి. అటవీ శాఖవాళ్లు ఈ మాట చెబితే ‘కిలోల లెక్కన కూలి, పది దాకా కూర్చుంటే ఎట్లా’ అని విసుక్కుంటారు. నిజమే, కానీ ఇంకో లెక్క చూడండి. మంచు ఆరకముందు ఏరిన పత్తిలో తేమ ఎక్కువ. మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు తేమ 8 శాతం లోపు ఉంటేనే పూర్తి మద్దతు ధర ఇస్తారు, ఆ పైన కోత పెడతారు, 12 దాటితే కొననే కొనరు. మంచు ఆరాక ఏరితే రైతుకు నష్టం లేదు. కూలీకి పోయే ఆ గంటన్నర డబ్బులు రైతే ఏదో ఒక రూపంలో సర్దాలని నా అభిప్రాయం. పత్తి రైతుది, ప్రాణం కూలీది.

ఒంటరిగా వెళ్లొద్దు. అయిదారుగురు కలిసి వెళ్లినా ఒక్కొక్కరు ఒక్కో మూలకు చీలిపోతే అందరూ ఒంటరే. పక్కపక్క సాళ్లలో, మాట వినపడే దూరంలో, ఒకే వైపు ఏరుకుంటూ పోవాలి. ఒకరు ఏరకుండా నిలబడి చుట్టూ చూస్తుండాలి. గంటకొకరు మారితే ఎవరి కూలీ పెద్దగా పోదు. అడవి అంచు సాళ్లు మిట్టమధ్యాహ్నానికి ఉంచుకోండి, అదీ ముందు డప్పో డబ్బానో కొట్టి, కాసేపు ఆగి దిగండి. మాటలు, పాటలు, నవ్వులు ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఫోను పెద్ద సౌండుతో పెట్టుకోండి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు.

తల వెనక పెట్టుకునే ముఖం మాస్కులు 2024లో ఇక్కడ కూలీలకు పంచారు. నవ్వుకున్నవాళ్లున్నారు. ఈ ఉపాయం బెంగాల్‌లోని సుందర్‌బన్స్ అడవుల్లో 1986 ప్రాంతంలో మొదలైంది. వెనక కూడా కళ్లుంటే పులి తనను చూసేశారనుకుని వెనక్కి తగ్గుతుందన్నది ఆలోచన. మొదట్లో బాగానే పనిచేసింది గానీ తర్వాత పులులు పసిగట్టాయని చెప్పేవాళ్లూ ఉన్నారు. పెట్టుకోండి, పోయేదేం లేదు. మాస్కు ఉంది కదా అని ఒక్కరే వెళ్లడం మాత్రం మాస్కు లేకపోవడం కన్నా ప్రమాదం.

చెప్పడానికి మొహమాటమైనా చెప్పాల్సిందే: చెంబు పట్టుకుని పొదల చాటుకు వెళ్లడం. కూర్చుంటే మనిషి ఇంకా చిన్నగా కనపడతాడు. తెల్లవారుజామున, మసక చీకట్లో అసలే వద్దు. చేనులో ఉన్నప్పుడు తప్పకపోతే తోడు తీసుకెళ్లండి, వాళ్లు నిలబడే ఉండాలి. చంటిపిల్లల్ని గట్టు మీద పడుకోబెట్టి ఏరుకోవడం ఈ సీజన్‌కు మానుకోండి. చిరుతకు పులి అంత ధైర్యం ఉండదు గానీ పిల్లల ఎత్తు దానికి సరిపోతుంది. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో ఆరేళ్ల పాప చిరుత దాడిలోనే చనిపోయింది.

అడుగులు కనిపిస్తే చూడండి: గోళ్ల గుర్తులుంటే కుక్కో తోడేలో, పిల్లి జాతి గోళ్లు లోపలికి ముడుచుకొని నడుస్తుంది. గోళ్లు లేకుండా మీ అరచేతి కన్నా వెడల్పుంటే పులి కావచ్చు, అంతకన్నా చిన్నగా ఉంటే చిరుత కావచ్చు. తొక్కకుండా ఏదైనా బోర్లించి అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు ఫోను చేయండి. ఫొటో తీసి గ్రూపులో పెట్టడం ఆ తర్వాత సంగతి. ఎక్కడిదో పాత వీడియో తెచ్చి ‘మన ఊరి చెరువు దగ్గర’ అని పంపే మహానుభావుల వల్ల అసలు పులి వచ్చిన రోజు ఎవరూ నమ్మరు.

ఎదురుపడితే పరుగెత్తకండి, కూర్చోకండి. ముఖం దాని వైపే ఉంచి, చేతులు పైకెత్తి, మెల్లగా వెనక్కి నడవండి. అది పోయేందుకు దారి వదలండి. చుట్టుముట్టి అరిస్తే దారి లేక మీద పడుతుంది. ఒకరి మీద పడిందంటే మాత్రం మిగతావాళ్లు పారిపోకూడదు. అందరూ కలిసి కేకలు వేస్తూ, రాళ్లూ కర్రలూ విసురుతూ వదిలించాలి. గాయం మీద గుడ్డ గట్టిగా అదిమి పట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. గీత చిన్నదైనా టీటీ, రేబిస్ టీకాలు వేయించాల్సిందే.

పశువుల సంగతి. మేతకు అడవి లోపలికి తోలకండి, చీకటి పడకముందే కొట్టంలో కట్టేయండి, దీపం ఉంచండి. ఆవునో ఎద్దునో పులి చంపితే కళేబరం జరపొద్దు, దాని దగ్గరికి పోవద్దు. పులి ఒక్కపూటలో తినేయదు. రెండు మూడు రోజులు అక్కడక్కడే ఉండి మళ్లీ మళ్లీ వస్తుంది. అదే రోజు అటవీ శాఖకు చెప్పండి. వాళ్లు వచ్చి చూసి, పశువైద్యుడు రాసిస్తేనే పరిహారం వస్తుంది.

కోపంతో ఆ కళేబరంలో మందు కలిపే పని ఎవరూ చేయొద్దు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ మండలం దరిగాం అడవిలో అలాంటి విషమే రెండు పులుల్ని చంపింది. కేసు, జైలు ఒకెత్తు. ఆ మాంసం తిన్న ఊరకుక్కలూ రాబందులూ కూడా పోతాయి. అడవిపందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగలు లాగడం అంతకన్నా ఘోరం. ఆ తీగకు పులి ఎవరో, తెల్లారి నీళ్లు పెట్టడానికి వచ్చే పక్క చేను పాలివాడు ఎవరో తెలియదు.

సంక్రాంతి దాటి పత్తి కట్టె పీకేశాక చేను బయలవుతుంది, భయం కొంత తగ్గుతుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో తునికాకు సేకరణ ఉంటుంది. అదీ వంగి చేసే పనే, అదీ తెల్లవారకముందే అడవిలో. మాస్కులు పారేయకుండా చూరులో దోపి ఉంచండి.