సీమ జిల్లాల్లో తుఫాను కాలానికి ఇల్లు, ఊరు సిద్ధం చేసుకోవడం ఎలా?

తుఫాను జాగ్రత్తల పేరుతో ఏటా వచ్చే కరపత్రాలు చాలావరకు కోస్తా వారి అవసరాలకు రాసినవి. ఉప్పెన, చేపల వేట నిషేధం, కిటికీ అద్దాల రక్షణ వంటి సూచనలు కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల వారికి పెద్దగా పనికిరావు. తీరం దాటిన తుఫాను నేల మీదికి వచ్చేకొద్దీ బలహీనపడి, సీమను చేరేసరికి వాయుగుండంగానో అల్పపీడనంగానో మారిపోతుంది. గాలి వేగం తగ్గుతుంది గాని, అది మోసుకొచ్చిన తేమ అలాగే ఉంటుంది. ఆ తేమ శేషాచలం, పాలకొండలు, వెలికొండల వంటి కొండలకు తగిలినప్పుడు ఒక్క రాత్రిలోనే వంకలు నదులైపోతాయి. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం జిల్లాలో ఒకే రోజు 150 మిల్లీమీటర్లు కురిస్తే, ఎండిన వంకల్లో వెలసిన ఇళ్ళ సంగతి ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అందుకే ఇక్కడ సన్నద్ధత ప్రధానంగా నీళ్ళ గురించే ఉండాలి. అరటి తోటలున్న పులివెందుల, రైల్వేకోడూరు రైతులకు గాలి భయం కూడా ఉంటుంది గాని, ప్రాణనష్టం ఎక్కువగా జరిగేది వరద వల్ల, గోడలు కూలడం వల్ల.

మొదట సరిచేసుకోవలసింది ఒక అపోహ. పేరు పెట్టిన తుఫాను వస్తేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి నాటి ఉదయం, తెగిపోయి అప్పటి కడప జిల్లా రాజంపేట మండలంలోని పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట వంటి ఊళ్ళను ముంచెత్తింది. ఆ రోజు చెన్నై సమీపంలో తీరం దాటింది తుఫాను కాదు, వాయుగుండమే. కర్నూలు నగరం 2009 అక్టోబరు 2న మునిగినప్పుడు కూడా పేరున్న తుఫాను ఏదీ లేదు. కాబట్టి వార్తల్లో తుఫాను పేరు కోసం ఎదురుచూడకుండా, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న ప్రతి వార్తనూ మన జిల్లా వర్షసూచనతో కలిపి చదువుకోవాలి.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. పసుపు రంగు హెచ్చరిక గమనిస్తూ ఉండమని, నారింజ రంగు సిద్ధంగా ఉండమని, ఎరుపు రంగు వెంటనే చర్య తీసుకోమని చెబుతాయి. తుఫాను హెచ్చరికలు నాలుగు దశల్లో వెలువడతాయి. వాటిలో సీమ వారికి అన్నింటికన్నా ముఖ్యమైనది చివరిదైన నాలుగో దశ. తుఫాను తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు విడుదలయ్యే ఈ ప్రకటనలో, తీరం దాటిన తర్వాత అది ఏ దిశగా కదులుతుంది, లోపలి జిల్లాల్లో వాతావరణం ఎలా ఉంటుంది అన్న వివరాలు ఉంటాయి. తీరం దాటిందన్న వార్త వినగానే కోస్తాలో ఊపిరి పీల్చుకుంటారు. మన పని మాత్రం అప్పుడే మొదలవుతుంది.

జిల్లా మొత్తానికి ఇచ్చే సూచన మీ ఊరి కొండవాగుకు సరిగ్గా వర్తించకపోవచ్చు. నిటారు అంచులున్న డబ్బానో బకెట్‌నో చెట్లకు, చూరుకు దూరంగా ఆరుబయట పెట్టి, అందులో నిలిచిన నీటి ఎత్తును స్కేలుతో కొలిస్తే ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో తెలుస్తుంది. అంచులు ఏటవాలుగా ఉన్న పాత్ర మాత్రం తప్పుడు లెక్క చూపిస్తుంది. రాత్రి పడుకునే ముందే కొలత 60 దాటి, వాన ఇంకా తెరిపివ్వకపోతే, వంక ఒడ్డున ఉన్నవారు ఆ రాత్రి అక్కడ నిద్రపోకూడదన్న నియమాన్ని ఊరంతా కలిసి ముందే పెట్టుకోవడం మంచిది. ఎవరో వచ్చి చెబుతారని కూర్చునే కన్నా, ముందే ఒప్పుకున్న ఒక అంకె నిర్ణయాన్ని సులువు చేస్తుంది.

ఆ తర్వాత తెలుసుకోవలసింది నీళ్ళు ఎటు నుంచి వస్తాయన్నది. కర్నూలు వారికి ఇది తుంగభద్ర, హంద్రీ రెండింటి లెక్క. ఊళ్ళో వాన లేకపోయినా ఎగువన సుంకేసుల నుంచి వదిలే నీటి పరిమాణాన్ని గమనించాలి, ఎందుకంటే తుంగభద్ర నిండుగా పారుతున్నప్పుడు హంద్రీ నీళ్ళు అందులో కలవలేక వెనక్కి తన్ని పేటల్లోకి వస్తాయి. కడప నగరానికి బుగ్గవంక ఉంది. 2020 నవంబరులో నివర్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటగా, ఎగువ జలాశయం నుంచి వదిలిన నీళ్ళు రాత్రివేళ ఇక్కడి కాలనీల్లోకి వచ్చాయి. అనంతపురంలో 2022 అక్టోబరులో నడిమివంక, ఎగువ చెరువుల నీళ్ళు కలిసి లోతట్టు కాలనీలను ముంచాయి. మీ ఇంటికి ఎగువన ఏ చెరువు ఉంది, దాని మరవ (చెరువు నిండాక నీళ్ళు పొర్లిపోయే చోటు) నీళ్ళు ఏ దారిన పోతాయి, ఆ దారిలో ఇప్పుడు ఏ లేఅవుటు వెలసింది అన్నవి ఊరి పెద్దవారిని అడిగి ఒక కాగితం మీద గీసుకోండి. స్థలం కొన్నప్పుడు చూపిన ప్లానులో పాత వంక కనిపించకపోవచ్చు గాని, నీళ్ళు తమ పాత దారిని మరిచిపోవు.

ఇక ఇంటి సంగతి. సీమ పల్లెల్లో అన్నింటికన్నా ముందు చూడవలసినవి మట్టి మిద్దెలు. దూలాలు, దంతెల మీద కట్టెలు, ఆకు పరిచి చౌడు మట్టి కప్పిన ఈ ఇళ్ళు ఎండకు చల్లగా ఉంటాయి గాని, రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు ప్రాణాంతకమవుతాయి. నంద్యాల జిల్లా చాగలమర్రి మండలంలో 2024 ఆగస్టులో మిద్దె కూలి ఒకే కుటుంబంలో నలుగురు నిద్రలోనే చనిపోయారు. కారకుండా ఉండాలని ఏటా పాత మట్టి తీయకుండానే దాని మీద కొత్త చౌడు వేస్తూ పోవడం వల్ల పైకప్పు బరువు పెరుగుతూ వస్తుంది. తడిసినప్పుడు ఆ బరువు ఇంకా పెరుగుతుంది. మోసే దూలం మాత్రం గోడలో ఇమిడిన కొస దగ్గర చెదపట్టి ఏటేటా బలహీనపడుతుంది. కాబట్టి సెప్టెంబరులోనే, వానలు లేని నాలుగు రోజులు చూసుకొని, పాత పొరను గీకి తీసేసి ఆ తర్వాతే పలుచగా కొత్త మట్టి వేయించాలి. దూలం కొసల దగ్గర కత్తిమొనతో పొడిచి చూడాలి. మొన మెత్తగా దిగిపోతే చెక్క చివికిందని అర్థం. అక్కడ దూలం కింద గట్టి గుంజను ఊతగా నిలపాలి, ఆ గుంజ అడుగున బండ వేయాలి. మిద్దె మీది నీళ్ళు దిగే గొట్టాల్లో పిచ్చుక గూళ్ళు, ఆకులు లేకుండా చూడాలి. గోడ మొదట్లో నీళ్ళు నిలవకుండా జానెడు లోతు కాలువ తీసి పల్లానికి మళ్ళించాలి. టార్పాలిన్ కప్పేవారు దాన్ని బండరాళ్ళతో అదిమి పైకప్పుకు మరింత బరువు చేర్చకుండా, అంచులకు తాళ్ళు కట్టి కింద గుంజలకు బిగించాలి.

పైకప్పు నుంచి మట్టి రాలడం, దూలం పటపటమనడం, ఉన్నట్టుండి తలుపు బిగుసుకుపోవడం, గోడ మొదలు ఉబ్బడం వంటి గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా సామాను కోసం కూడా ఆగకుండా బయటికి రావాలి. ఒక పగలు, ఒక రాత్రి ఎడతెరిపి లేకుండా వాన పడితే ఏ గుర్తూ లేకపోయినా స్కూలులోనో బంధువుల స్లాబు ఇంట్లోనో పడుకోవడం మేలు. వాన నిలిచిన తర్వాత కూడా గోడలు ఆరే వరకు, అంటే కనీసం రెండు రోజులు, ఈ జాగ్రత్త తప్పదు. స్లాబు ఇళ్ళకు పిట్టగోడ దగ్గరి నీటి గొట్టాలు శుభ్రం చేయడం, రేకుల షెడ్డుకు బోల్టులు బిగించడం చాలు.

కరెంటు విషయంలో మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లోని పెద్ద పిల్లలకు కూడా తెలిసి ఉండాలి. నీళ్ళు గడప దాకా రాకముందే దాన్ని ఆపేయాలి. నీళ్ళు లోపలికి వచ్చిన తర్వాత తడి కాళ్ళతో స్విచ్ దగ్గరికి పోకూడదు. పొలాల్లో మోటారు స్టార్టర్ పెట్టెను వరద మట్టం కన్నా ఎత్తున బిగించుకోవాలి, మునిగిన మోటారును ఎలక్ట్రీషియన్ చూడకుండా వేయకూడదు. తెగిన తీగ కనిపిస్తే దూరంగా కాపలా నిలబడి 1912కు ఫోన్ చేయాలి.

ఊరంతా కలిసి చేయవలసిన పనుల్లో చెరువుది మొదటి స్థానం. పోరుమామిళ్ళ చెరువు దగ్గరి 1369 నాటి శాసనం చెరువుకు ఉండే ఆరు దోషాలను చెబుతూ కట్ట నుంచి నీరు ఊరడాన్ని వాటిలో చేర్చింది. నేటికీ గండి పడే చెరువుల్లో అదే మొదటి లక్షణంగా కనిపిస్తుంది. వానలకు ముందే కట్ట మీది కంప కొట్టించి రెండు వైపులా నడిచి చూడాలి, ఎలుక బొరియలు, పందికొక్కు కలుగులు, కుంగిన చోట్లు గుర్తించి మట్టి వేసి దిమ్మిస కొట్టించాలి. మరవ దగ్గర రెండు తప్పులు తరచుగా జరుగుతాయి. ఇంకాస్త నీళ్ళు నిలవాలన్న ఆశతో ఆయకట్టు రైతులు మరవ మీద ఇసుక బస్తాలు పేర్చడం ఒకటి, చేపలు పోకుండా గుత్తేదారులు వల కట్టడం రెండోది. కొట్టుకొచ్చిన కంప, చెత్త ఆ వలకు పట్టుకుంటే మరవ మూసుకుపోయి నీళ్ళు కట్ట మీద నుంచి పొర్లుతాయి. మట్టికట్ట మీద నీళ్ళు పొర్లాయంటే ఇక దాన్ని నిలపడం ఎవరి తరమూ కాదు. ఆ వలను, బస్తాలను అక్టోబరుకు ముందే తీయించడానికి గ్రామసభలో తీర్మానం చేయండి. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

చెరువు నిండుతున్న రాత్రుల్లో నీరుగంటితో (చెరువు నీళ్ళు చూసుకునే కాపలాదారుతో) పాటు ఇద్దరిద్దరు చొప్పున టార్చిలైట్లతో కట్ట దిగువ వైపున తిరగాలి. ఊట నీళ్ళు తేటగా ఉంటే గమనిస్తూ ఉండవచ్చు. అవి బురదగా మారితే లోపల మట్టి కోసుకుపోతోందని అర్థం. అప్పుడు ఆ రంధ్రాన్ని నేరుగా పూడ్చబోతే నీళ్ళు పక్కన మరోచోట చీల్చుకొస్తాయి. ఊట చుట్టూ ఇసుక బస్తాలతో బావి వరలా పేర్చి, లోపల నీళ్ళు కొంత ఎత్తు నిలవనిస్తే ఆ నీటి బరువే ఊట జోరును తగ్గిస్తుంది. బస్తాలను సగానికి కాస్త పైన మాత్రమే నింపి, ఇటుకల్లా అతుకుల మీద అతుకు రాకుండా పేర్చాలి. ఈలోగా నీటిపారుదల ఇంజనీరుకు, తహసీల్దారుకు కబురు వెళ్ళాలి, కట్ట కింది ఇళ్ళు ఖాళీ కావాలి. మన చెరువులు చాలావరకు గొలుసుకట్టువి గనుక పై చెరువుకు గండి పడితే కింది చెరువు ఆ నీటిని తట్టుకోలేదు. అందువల్ల ఎగువ ఊరి నీరుగంటి ఫోను నంబరు మీ దగ్గర, మీ నంబరు దిగువ ఊరి వారి దగ్గర తప్పక ఉండాలి.

ఫోన్లు పనిచేయని రాత్రి కబురు ఎలా చేరుతుందో కూడా ముందే తేల్చుకోవాలి. గుడి, మసీదు, చర్చి మైకులు, వాటికి ఇన్వర్టరో బ్యాటరీయో, అవి లేనిచోట దండోరా. ఏ వీధిలో మంచాన పడినవారు, నిండు గర్భిణులు, డయాలసిస్‌కు వెళ్ళేవారు ఉన్నారో పొదుపు సంఘాల మహిళలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ పేర్ల పట్టికను వారితోనే రాయించి గ్రామ సచివాలయంలో ఉంచి, ఒక్కొక్కరిని తరలించే బాధ్యతను ఎదురింటి యువకుడికో ట్రాక్టరు ఉన్నవారికో అప్పగించండి. ప్రసవం తేదీ దగ్గరపడిన వారిని నారింజ హెచ్చరిక రోజే వంక దాటించి పట్టణంలో ఉంచడం మంచిది. అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108, రాష్ట్ర విపత్తుల నియంత్రణ గదికి 1070 నంబర్లు గోడ మీద రాసి ఉండాలి.

వంక దాటే విషయంలో మినహాయింపులు వద్దు. మోకాలి కిందికి, జానెడు లోతున ఉరవడిగా పారే నీళ్ళకే మనిషి తూలి పడిపోవచ్చు. అడుగు లోతు నీళ్ళకు చిన్న కారు తేలిపోతుంది. రెండడుగులైతే పెద్ద వాహనాలు కూడా కొట్టుకుపోతాయి. పైగా నీళ్ళ కింద కల్వర్టు ఉందో కోసుకుపోయిందో కనిపించదు. 2021 నవంబరులో కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెన కూలింది. అదే నెలలో అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి మండలంలో చిత్రావతి వరదలో చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టరు కాపాడవలసి వచ్చింది. కాజ్‌వే రెండు వైపులా ట్రాక్టరు అడ్డం పెట్టి మనిషిని కాపలా ఉంచడం పంచాయతీ చేయగలిగిన చవకైన రక్షణ.

పశువులను వరద భయం ఉన్న రాత్రి పలుపు విప్పి ఉంచాలి. కట్టేసి ఉన్నవి ఈదే వీలు లేక చనిపోతాయి. గొర్రెల మందను వంక గర్భంలో, చెరువు లోపలి మేట మీద ఆపవద్దు. గొంతువాపు, చిటుక రోగం టీకాలు వానలకు ముందే వేయించాలి. వేరుశనగ కోత ఈ కాలంలోనే పడితే, పీకిన చెట్లను పొలంలో పరిచి ఉంచే ముందు ఐదు రోజుల వర్షసూచన చూసుకోవాలి. మేత వామిని మెరక మీద, అడుగున రాళ్ళు పరిచి వేయాలి. పాసుపుస్తకాలు, ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ఒకే ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి, వారానికి సరిపడా మందులతో పాటు అందుబాటులో పెట్టుకోవాలి.

వరద నీళ్ళు తీశాక తాగునీటి బావిని తోడి, బ్లీచింగ్ పౌడరు వేయాలి. 1000 లీటర్లకు రెండున్నర గ్రాములు లెక్క. మూడు మీటర్ల వెడల్పు ఉన్న గుండ్రటి బావిలో నాలుగు మీటర్ల నీళ్ళుంటే దాదాపు 28,000 లీటర్లు, అంటే 70 గ్రాములు పడుతుంది. పౌడరును బకెట్ నీళ్ళలో కలిపి, అడుగున సున్నం తేరుకున్నాక పై తేట మాత్రమే బావిలో పోసి కలియబెట్టాలి, గంట వరకు ఆ నీళ్ళు వాడకూడదు. అంతవరకు తాగే నీళ్ళు తెర్లేలా కాచుకోవాలి. పడిన గోడలు, మునిగిన పంట, చనిపోయిన పశువులను తొలగించే ముందే ఫోటోలు తీసి సచివాలయంలో నమోదు చేయించాలి. పంట బీమా ఉన్నవారు నష్టం జరిగిన 72 గంటల్లోగా 14447 నంబరుకు తెలియజేసి, ఫిర్యాదు సంఖ్యను రాసిపెట్టుకోవాలి.