సెకండ్ హ్యాండ్ డీజిల్ వ్యాన్ కొనేటప్పుడు ఇంజన్, గేర్‌బాక్స్ ఎలా చూసుకోవాలి?

స్కూలు ట్రిప్పులకో, తిరుపతి యాత్రలకో పాత డీజిల్ వ్యాన్ కొనాలనుకునేవాళ్లు ముందుగా సీట్లు, ఏసీ, టైర్లు చూస్తారు. అవన్నీ తర్వాతైనా బాగుచేయించుకోవచ్చు. ఇంజన్ బోర్‌కి వచ్చిందంటే (సిలిండర్లు అరిగి విప్పాల్సి వస్తే) మాత్రం ఆ ఏడాది సంపాదన దానికే పోతుంది. అందుకే బేరం మొదలుపెట్టకముందే కింది పనులు వరసగా చేయండి. వీటిలో చాలావాటికి మెకానిక్ కూడా అక్కర్లేదు.

1. మీ పనికి ఏ ఇంజన్ సరిపోతుందో తేల్చుకోండి

మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే డీజిల్ వ్యాన్లు ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్. ట్రావెలర్ 1987లో బజాజ్ టెంపో (ఇప్పటి ఫోర్స్ మోటార్స్) తెచ్చిన బండి. మెర్సిడెస్ ఓఎమ్616 ఇంజన్ వంశం దానిది. ఆ పాత ఇంజన్‌లో మెకానికల్ పంపు ఉంటుంది కాబట్టి ఏ ఊళ్లోనైనా విప్పి బిగించేస్తారు. తర్వాత వచ్చిన 2.6 లీటర్ల ఇంజన్ కామన్ రైల్, అంటే అందులో డీజిల్ కొట్టే ఇంజెక్టర్లని కంప్యూటర్ నడుపుతుంది. పికప్ బాగుంటుంది. కానీ ఇంజెక్టర్లు పాడైతే టెస్టింగ్ మెషీన్ ఉన్న షాపుకే వెళ్లాలి.

వ్యాన్‌కి హార్స్ పవర్ కంటే టార్క్, అంటే లాగే బలం, ముఖ్యం. బీఎస్6 (పొగ కాలుష్యం మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణం, బీఎస్4 దానికి ముందుది) ట్రావెలర్‌కి కంపెనీ చెప్పే టార్క్ 350 ఎన్ఎమ్. 2.2 లీటర్ల బీఎస్6 వింగర్‌కి 200. నిండా జనంతో ఘాట్ రోడ్డు ఎక్కించాల్సిన వాళ్లకి ఈ తేడా ప్రతి మలుపులోనూ తెలుస్తుంది. ఊళ్లో, చదును రోడ్ల మీద తిప్పేవాళ్లకి వింగర్ చాలు.

ఇంకొకటి చూడాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ బళ్లలో సైలెన్సర్ దారిలో పొగమసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి, అంటే బండి హైవే మీద కాసేపు ఒకే ఊపున నడవాలి. రోజూ నాలుగైదు కిలోమీటర్ల స్కూలు ట్రిప్పులే అయితే డీపీఎఫ్ మూసుకుపోతుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతూనే ఉంటుంది. అలాంటి వాడకానికి మంచి స్థితిలో ఉన్న బీఎస్4 బండే నయం అని నా అభిప్రాయం. డీపీఎఫ్ పీకేసిన బండి మాత్రం ఎంత తక్కువకి వచ్చినా వద్దు. అది చట్టవిరుద్ధం.

2. చల్లటి ఇంజన్‌నే స్టార్ట్ చేయించండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. పొద్దున్నే వెళ్లండి. బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే అమ్మేవాళ్లు ముందే వేడి చేసి ఉంచారన్నమాట, ఇంకో రోజు వస్తామని చెప్పండి. కంప్రెషన్ తగ్గిన డీజిల్ ఇంజన్ వేడి మీద బాగానే స్టార్ట్ అవుతుంది. చల్లగా ఉన్నప్పుడే దాని గుట్టు బయటపడుతుంది.

స్టార్ట్ చేసేముందు రేడియేటర్ మూత తీసి చూడండి (చల్లగా ఉన్నప్పుడే!). కూలెంట్ మీద నూనె తెట్టు ఉండకూడదు. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీస్తే ఆయిల్ నల్లగా ఉంటుంది, డీజిల్ ఇంజన్‌లో అది మామూలే. మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టు. ఆయిల్ పైమార్కు దాటి ఉండి, డీజిల్ వాసన వస్తే ఇంజెక్టర్లనో, డీపీఎఫ్ శుభ్రపడే పని మధ్యలోనే ఆగిపోవడాన్నో అనుమానించాలి.

ఇప్పుడు సెల్ఫ్ కొట్టించి, మీరు సైలెన్సర్ దగ్గర నిలబడండి. కొన్ని సెకన్లు తెల్లపొగ వచ్చి పోతే ఫర్వాలేదు. ఆగకుండా వస్తూ కంట్లో మండితే డీజిల్ సరిగా కాలట్లేదు. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ తాగుతోంది: పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో, టర్బోనో పాడై ఉండాలి. నల్లపొగకి ఎయిర్ ఫిల్టర్ లాంటి చిన్న కారణాలూ ఉంటాయి కాబట్టి వెంటనే కంగారు పడక్కర్లేదు.

రెండు నిమిషాల తర్వాత రేడియేటర్ పైభాగాన ఉండే రబ్బరు పైపు నొక్కి చూడండి. ఇంజన్ ఇంకా వేడెక్కకుండానే పైపు రాయిలా గట్టిపడితే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకి, హెడ్‌కి మధ్య ఉండే సీలు) పోయి ఉండొచ్చు.

ఇంజన్ వేడెక్కాక ఆయిల్ పోసే మూత విప్పి, బోర్లించి అదే మూతి మీద పెట్టండి. కొద్దిగా వణికితే సరే. ఎగిరి పడిపోతుంటే, లోపలినుంచి పొగ గుప్పుగుప్పున కొడుతుంటే అదే మెకానిక్‌లు చెప్పే బ్యాక్ కంప్రెషన్, అంటే అరిగిన రింగుల పక్కనుంచి గ్యాసు కిందికి కారుతోంది. ఆ బండి వదిలేయండి. బేరమాడి తీసుకోవద్దు.

3. క్లచ్, గేర్‌బాక్స్

బండి న్యూట్రల్‌లో పెట్టి చెవి పెట్టి వినండి. గరగర శబ్దం క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ బేరింగ్ అరిగింది. క్లచ్ తొక్కినప్పుడే శబ్దం వస్తే అరిగింది క్లచ్ రిలీజ్ బేరింగ్. తర్వాత ఖాళీ స్థలంలో హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, థర్డ్ గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే.

రోడ్డు మీద ముప్ఫై స్పీడులో థర్డ్ నుంచి సెకండ్‌కి దించండి. వ్యాన్లలో సెకండ్ గేరుకే పని ఎక్కువ, గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగు ముందుగా అరిగేది అక్కడే. గర్రుమంటే అదే. తర్వాత ప్రతి గేరులో గట్టిగా ఎక్సలేటర్ తొక్కి ఒక్కసారిగా వదలండి. లివర్ తనంతట తను న్యూట్రల్‌లోకి వచ్చేస్తే ఆ గేర్‌బాక్స్‌తో ఘాట్ దిగడం ప్రాణాలతో చెలగాటం. దిగేటప్పుడు లోడు బండిని ఆపేది సగం ఇంజనే.

ట్రావెలర్‌కి వెనక చక్రాలు లాగుతాయి కాబట్టి క్రౌన్ పినియన్ (వెనక యాక్సిల్‌లోని గేర్లు) ఈల శబ్దం, గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ టక్కుమనడం గమనించాలి. వింగర్‌కి ముందు చక్రాలు లాగుతాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా నడిపితే టకటకలాడకూడదు.

4. నంబర్లు, మెకానిక్

ఇంజన్ మీద కొట్టిన నంబరు ఆర్‌సీలో ఉన్నదేనా అని చూడండి. ఇంజన్ మార్చి, ఆర్‌సీలో ఎక్కించకపోతే ఆ చిక్కు మీదే అవుతుంది. ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో కూడా చూసుకోండి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బళ్లకి ఏటా చేయించాల్సిందే.

అడ్వాన్స్ ఇవ్వకముందు మీకు దగ్గర్లో ఆ మోడల్ చేసే మెకానిక్‌ని అడగండి. విజయవాడ ఆటోనగర్‌లో దొరకని స్పేర్ పార్ట్ తక్కువ. కానీ మీ ఊరు అక్కడికి ఎంత దూరమో అదీ లెక్కలోకి రావాలి. రెండు బళ్లు సమానంగా తోస్తే, మీ ఊళ్లో చేసేవాడున్న ఇంజన్‌నే తీసుకోండి.

5. కొన్న వారంలోనే

ఇంజన్ ఆయిల్, డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్ అన్నీ మార్పించండి, పాత ఓనరు నిన్ననే మార్పించానన్నా సరే. గేరు ఆయిల్ దింపేటప్పుడు పక్కనే ఉండండి. డ్రెయిన్ బోల్టుకి మెత్తటి బూడిదరంగు పేస్టు అంటుకుని ఉంటే మామూలు అరుగుదలే. వేళ్లకి గుచ్చుకునే ఇనుప ముక్కలు కనిపిస్తే, ట్రిప్పులకి పంపకముందే గేర్‌బాక్స్ దింపించండి.