మనసు బరువు దించే దినచర్య
తిరుపతిలో ఉండేవారికి ఒత్తిడిని తగ్గించుకొనే మొదటి సాధనం కాలినడకే. అందుకోసం రోజూ అలిపిరి మెట్లెక్కనక్కరలేదు. ఇంటి దగ్గరి వీధిలోనే, ఎండ ముదరకముందు, వారానికి 5 రోజులు 30 నిమిషాల చొప్పున చురుకుగా నడిస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన 150 నిమిషాలు పూర్తవుతాయి. నడిచేటప్పుడు ఫోన్ ఇంట్లోనే ఉంచండి. ఈ ఒక్క నియమాన్ని మాత్రం సడలించవద్దని నా మనవి.

ఆందోళన హెచ్చినప్పుడు నిటారుగా కూర్చొని, తీసుకొన్న శ్వాసకంటె విడిచే శ్వాసను దీర్ఘంగా సాగనిస్తే గుండె వేగం నెమ్మదిస్తుంది. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రపు కాఫీ మానండి. రాత్రి సంగటి పెందలాడే తిని, రోజూ ఒకే వేళకు పడుకోండి.

రెండు వారాలైనా నిద్ర, ఆకలి కుదుటపడకపోతే వైద్యుని సంప్రదించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.