అమ్మ లేకుండా ఒక పూట: బెంగళూరులో స్పెషల్ పిల్లలకు చదువు, రెస్పైట్ కేర్ ఎలా కుదుర్చుకోవాలి

రెస్పైట్ కేర్ అంటే ఇంట్లోవాళ్లకు కాస్త విశ్రాంతి దొరికేలా బిడ్డను కొంతసేపు వేరేవాళ్లు చూసుకునే ఏర్పాటు. బెంగళూరులో మనవాళ్లు దానికోసం వెతకడం ఎప్పుడు మొదలుపెడతారంటే, ఊళ్లో ఎవరో పోయారని అర్ధరాత్రి ఫోన్ వచ్చినప్పుడు, లేదా అమ్మకు ఆపరేషన్ తేదీ ఇచ్చేశాక. బిడ్డను కొన్ని గంటలో కొన్ని రోజులో వేరేవాళ్లకు బాధ్యతగా అప్పగించాల్సిన పని మొదలుపెట్టడానికి అంతకంటే చెడ్డ రోజు ఉండదు. ఆటిజం కావచ్చు, డౌన్ సిండ్రోమ్ కావచ్చు, సెరిబ్రల్ పాల్సీ కావచ్చు, పదిహేనేళ్లుగా అమ్మ చేతి ముద్ద తప్ప ఎరగని పిల్లవాడు ఒక్కసారిగా కొత్త మంచం మీద, కొత్త మనుషుల మధ్య ఎలా పడుకుంటాడు? అది కూడా వాడికి నేర్పాల్సిందే, లెక్కలు నేర్పినట్టే. కాబట్టి దాన్ని చదువులోనే కలపండి.

ముందు స్కూల్‌తో మాట్లాడండి. స్పెషల్ స్కూల్ అయినా మామూలు స్కూల్ అయినా మీ బిడ్డకు ఐఈపీ, అంటే వాడికంటూ రాసిన విద్యా ప్రణాళిక ఉండాలి. అందులో రంగులు, అంకెలు, పూసలు గుచ్చడం ఏళ్ల తరబడి అలాగే కనిపిస్తుంటే ఇక చాలని చెప్పి, పద్నాలుగు దాటిన బిడ్డకు ఈ నాలుగూ అడగండి: ఇంకొకరు పెడితే తినడం, కొత్త బాత్రూం వాడటం, నొప్పి ఎక్కడుందో చూపించడం, వద్దు అని చెప్పడం. చివరిదాన్ని చాలామంది టీచర్లు రాయరు, మీరే రాయించండి. పరీక్షలు రాయగలిగే పిల్లలకైతే ఎన్ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్ ఉంది, ఒక్కో సబ్జెక్టు విడివిడిగా రాసుకుంటూ అయిదేళ్లలో పూర్తి చేయొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు, దగ్గరి స్కూలా స్పెషల్ స్కూలా అన్నది మీ ఇష్టం. ఆ శాతం రాసిన సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) లేకపోతే ముందు ఆ పని చూసుకోండి. ఆధార్‌లో ఇంకా కడప అడ్రసో నెల్లూరు అడ్రసో ఉందని ఆగిపోకండి, బిడ్డకు వైద్యం జరుగుతున్న ప్రభుత్వ ఆసుపత్రి ద్వారా కూడా అప్లై చేసుకోవచ్చు.

ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీష్ మాత్రమే మాట్లాడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రెండు భాషలు వింటే ఆటిజం ఉన్న పిల్లల మాట ఆలస్యమవుతుందని పరిశోధనల్లో తేలలేదు. పైగా తెలుగు మానేస్తే అమ్మమ్మతో మాట పోతుంది, రేపు వాడి దగ్గర ఒక పూట కూర్చోగలిగేది ఆవిడే కదా.

ఇక అప్పగించడం. మొదట ఇంట్లోనే, తెలిసిన మనిషితో. పిన్నో, పక్క ఫ్లాట్ ఆంటీయో వచ్చి వాడి దగ్గర కూర్చుంటారు, మీరు పక్క గదిలో ఉండండి. అది అలవాటయ్యాక కిందికి దిగి అరగంట నడిచి రండి, ఆ తర్వాత రెండు గంటలు, ఆ తర్వాత వాళ్లింట్లో, ఆ తర్వాత డే కేర్, రాత్రి బస అన్నిటికంటే ఆఖరున. వాడు టీవీలో మునిగి ఉన్నప్పుడు చెప్పకుండా జారుకోవద్దు, మళ్లీ మిమ్మల్ని బాత్రూంకు కూడా వెళ్లనివ్వడు. "అమ్మ వెళ్తోంది, ఆరింటికి వస్తుంది" అని చెప్పి, గడియారం బొమ్మ చూపించి, ఆరింటికి కచ్చితంగా వచ్చేయండి. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ సంగతి మీకు తెలుసు కాబట్టి ఆ టైమేదో కాస్త ఎక్కువ వేసుకుని చెప్పడం మంచిది. దూరం కూడా ముఖ్యమే. వైట్‌ఫీల్డ్ నుంచి ఇందిరానగర్‌కు దింపి వచ్చి మళ్లీ తీసుకురావడానికే పూటంతా పోతే మీకు దొరికిన విశ్రాంతి ఏముంది? దగ్గరలో ఇలాంటి పిల్లలున్న రెండు మూడు ఇళ్లవాళ్లు కలిసి శనివారాలు వంతులు వేసుకోవడం పెద్ద సంస్థల కంటే బాగా నడుస్తుంది, ఖర్చూ ఉండదు. అన్నట్టు, ఆదివారం నాన్న చూసుకుంటే దాన్ని రెస్పైట్ అనకండి, అది ఆయన డ్యూటీ.

అప్పగించే ముందు ఒక కాగితం తయారుచేయండి. ఫిట్స్ మందు పేరు, డోసు, టైము, ఫిట్స్ వస్తే ఏం చేయాలి, ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఇవన్నీ పైన పెద్ద అక్షరాల్లో ఉండాలి. కింద వాడి సంగతులు: పెరుగన్నం మెత్తగా ఉంటేనే తింటాడు, కుక్కర్ విజిల్ వస్తే చెవులు మూసుకుంటాడు, చెయ్యి కొరుక్కుంటున్నాడంటే ఆకలేస్తోందని అర్థం, అప్పుడు తిట్టొద్దు, పట్టుకోవద్దు. చూసుకునేవాళ్లకు కన్నడమో తమిళమో వచ్చి ఉంటుంది, వాడేమో "నీళ్లు" అంటాడు. అందుకని వాడు వాడే తెలుగు మాటలు కన్నడలో రాయించండి, ఫోన్‌లో రికార్డ్ చేసి కూడా ఇవ్వండి. బొమ్మల కార్డులైతే ఏ భాషవాళ్లకైనా పనికొస్తాయి. మాట రాని పిల్లలకు బొమ్మ నొక్కితే మాట పలికే జెల్లో యాప్ ఉచితంగా దొరుకుతుంది, ఐఐటీ బాంబేలో తయారైంది.

సంస్థల విషయానికొస్తే, నిమ్హాన్స్‌లో గానీ, ఇందిరానగర్‌లోని స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటకలో గానీ మీకు తెలిసిన థెరపిస్టును అడిగితే మీ ఏరియాలో నమ్మకమైనవి చెబుతారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో నమోదైన సంస్థల జాబితా ఉంటుంది. ఆ ట్రస్ట్ పరిధిలోకి ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం వస్తాయి. దిశ-కమ్-వికాస్ పేరుతో డే కేర్‌కూ, సమర్థ్-కమ్-ఘరౌందా పేరుతో అక్కడే ఉంచుకుని చూసుకోవడానికీ పథకాలున్నాయి. నిరామయ ఆరోగ్య బీమా కూడా వాళ్లదే, లక్ష రూపాయల వరకు, ముందస్తు మెడికల్ టెస్టులు లేకుండా. థెరపీకీ కొంత ఇస్తారు.

చోటు చూడటానికి వెళ్తే ఆఫీసు గదిలో కాఫీ తాగి బ్రోచర్ పట్టుకుని రావద్దు. భోజనాల వేళకు వెళ్లండి, బాత్రూం చూడండి. రాత్రి ఎవరు మేలుకొని ఉంటారు, ఎంతమంది పిల్లలకు ఎంతమంది మనుషులు, మందులు ఎవరిస్తారు, ఎక్కడ రాస్తారు, ఇవన్నీ అడగండి. స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, మొహమాటం వద్దు. ఆడపిల్లయితే నెలసరి రోజుల్లో ఎవరు చూసుకుంటారో పేరుతో సహా చెప్పమనండి, స్నానం చేయించేది, బట్టలు మార్చేది ఆడమనిషే అయి ఉండాలి. మగపిల్లలకు ఈ జాగ్రత్తలు అక్కర్లేదనుకోవడం పొరపాటు. "పిల్లాడు కొడితే ఏం చేస్తారు" అన్న ప్రశ్న తప్పకుండా వేయండి, "మేం చూసుకుంటాంలే అమ్మా" అని నవ్వి ఊరుకునేవాళ్ల దగ్గర వదలకండి. ఇంటికొచ్చాక ఒంటి మీద దెబ్బలున్నాయా, నిద్ర మారిందా, ఆ చోటి పేరెత్తితే బెదురుతున్నాడా గమనించండి. చెప్పలేని పిల్లలు ఇలాగే చెబుతారు.

"కన్నబిడ్డను వదిలి ఎలా ఉండగలుగుతున్నావే" అనే పెద్దమ్మలు ప్రతి ఇంట్లో ఉంటారు. ఆవిడను వచ్చే శనివారం నాలుగు గంటలు వాడి దగ్గర కూర్చోమనండి. వస్తే మంచిదే, రాకపోయినా ఆ మాట మళ్లీ అనరు. ఆ దొరికిన గంటల్లో ఇల్లు తుడవడం, బట్టలు మడతపెట్టడం మాత్రం పెట్టుకోకండి. పడుకోండి. లేదా రెండో బిడ్డను ఒక్కణ్ణే ఎక్కడికైనా తీసుకెళ్లండి, వాడూ చాన్నాళ్లుగా కాచుకుని ఉంటాడు.

పద్దెనిమిది నిండాక తల్లిదండ్రులైనా చట్టం దృష్టిలో మీరు వాడికి గార్డియన్లు కారు. అవసరమైతే నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో ఉండే లోకల్ లెవెల్ కమిటీకి అప్లై చేసి గార్డియన్‌షిప్ తెచ్చుకోవాలి. ఆ కాగితాలకు టైం పడుతుంది కాబట్టి ముందే అన్నీ సిద్ధం చేసుకోండి.

మొదటి రాత్రి బసకు వాడి దుప్పటి, వాడి కంచం, వాడి దిండు పంపండి. పడుకునే ముందు ఒక్కసారి ఫోన్ చేస్తానని మాట్లాడుకుని, ఒక్కసారే చేయండి. పొద్దున తీసుకురావడానికి వెళ్లినప్పుడు ఎలా ఉన్నాడని అడిగి ఊరుకోకుండా, వచ్చే నెల ఏ తేదీకి ఖాళీ ఉందో అక్కడే రాయించుకుని రండి.