రెండు సూపర్ జట్లు కొట్టుకునే కామిక్ గీయాలనుకుంటున్నారా?

చాలామంది నోటుపుస్తకాల్లో సూపర్ హీరోల యుద్ధం ఒకేలా ఉంటుంది. పేజీ నిండా పది మంది, అందరూ గాల్లో, అందరి చేతుల్లోంచీ మెరుపులు, ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడో గీసినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. బొమ్మలు బాగానే ఉంటాయి, కానీ చదివేవాడు రెండో పేజీకే పుస్తకం పక్కన పడేస్తాడు. జట్ల కొట్లాట నడవాలంటే ఎందుకు కొట్టుకుంటున్నారో, ఎక్కడ కొట్టుకుంటున్నారో ముందు తేలాలి. దెబ్బలు ఆ తర్వాత. ఉదాహరణలన్నీ ఒడిశాలోని బరంపురం, గోపాల్‌పూర్ వైపు నుంచే ఇస్తాను, న్యూయార్క్ మేడలు కూలగొట్టేవాళ్ళు ఎలాగూ బోలెడుమంది ఉన్నారు.

ముందు తగువు. ఒక జట్టు మంచోళ్ళు, ఇంకోటి చెడ్డోళ్ళు అయితే ఎవరు గెలవాలో మొదటి పేజీలోనే తెలిసిపోతుంది, ఇక టెన్షన్ ఎక్కణ్ణించి వస్తుంది? మార్వెల్ వాళ్ళు 2006లో మొదలుపెట్టిన సివిల్ వార్ చూడండి. స్టామ్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఒక కుర్ర హీరోల జట్టు టీవీ షో కోసం విలన్ల మీదకి ఎగబడుతుంది, నైట్రో అనేవాడు స్కూలు దగ్గర పేలిపోతాడు, 600 మందికి పైగా చచ్చిపోతారు. దాంతో శక్తులున్నవాళ్ళందరూ ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవాలని చట్టం వస్తుంది. ఐరన్ మ్యాన్ సరే అంటాడు, కెప్టెన్ అమెరికా కుదరదంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది కాబట్టే తర్వాత వాళ్ళిద్దరూ కొట్టుకుంటుంటే చదివేవాడికి కడుపులో తిప్పినట్టు ఉంటుంది.

మన వైపు అలాంటి తగువు కోసం వెతుక్కోనక్కర్లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది, కానీ ఆ వానకి గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఇప్పుడు గాలిని మళ్ళించగలిగేవాడు ఒకడున్నాడనుకోండి. గోపాల్‌పూర్ జట్టు తుపానుని పక్కకి తోసేద్దామంటుంది. తోస్తే అది పోయి మహేంద్రగిరి చుట్టూ ఉన్న ఊళ్ళ మీద పడుతుంది. కొండ జట్టు చేతులు కట్టుకుని కూర్చుంటుందా? దిగి వస్తుంది, తుపాను ఇంకో రెండు గంటల్లో ఉందనగా బీచ్ రోడ్డు మీద ఎదురుపడతారు. ఎవరిది తప్పో మీరు తేల్చకండి, తేల్చిన మరుక్షణం కథ సగం చచ్చిపోతుంది.

జట్టుకి నలుగురు చాలు. ఐదుగురైతే సరే, ఆరుగురంటే మాత్రం నేను ఒప్పుకోను. ప్రతి ఒక్కరికీ ఒక్క శక్తి, ఆ శక్తికి ఒక్క లోటు. నేనైతే ఇలా పెట్టుకుంటాను. గోపాల్‌పూర్ వాళ్ళది రేవు జట్టు. అందులో లంగరు, వాడు పట్టుకున్నది ఏదీ కదలదు, కాకపోతే పట్టుకున్నంతసేపూ వాడూ కదల్లేడు. గాలివాటం, గాలిని తిప్పేవాడు, పైన ఆకాశం కనిపిస్తేనే పని చేస్తాడు. దీపం, చూపుతో కళ్ళు బైర్లు కమ్మించే అమ్మాయి. వల, పది వేళ్ళ నుంచి పది దారాలు వదిలే చిన్నపిల్ల, లంగరు చెల్లెలు. కొండ జట్టులో బండ, ఒళ్ళంతా రాయి, తడిస్తే పెళుసు. ఊట, నేలలోంచి నీళ్ళు తోడేది. పొగమంచు, పేరే చెబుతోంది. ఎలుగు, అరిస్తే గోడలు బీటలిస్తాయి, తనవాళ్ళ చెవులు కూడా పగులుతాయి.

ఇందులో ఒక తిరకాసు ఉంది చూడండి. ఊట నీళ్ళు తోడితే తన జట్టులోని బండకే ముప్పు. ఎలుగు అరిస్తే పక్కనున్న పొగమంచు కూలబడతాడు. సొంత జట్టులోనే ఒకరి శక్తి ఇంకొకరికి అడ్డం పడేలా పెట్టుకుంటే కొట్లాట మధ్యలో తప్పనిసరిగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఒకరి కోసం ఒకరు ఆగాలి, ఆగనివాడి వల్ల ఎవరో దెబ్బతినాలి. జట్టు అనే మాటకి అప్పుడే అర్థం వస్తుంది. లేకపోతే నాలుగు విడివిడి కుస్తీలు పక్కపక్కన గీసినట్టే.

వేషాల సంగతి. బరంపురం ఠాకురాణి యాత్ర చూసినవాళ్ళకి దీని మీద పాఠం అక్కర్లేదు. రెండేళ్ళకోసారి చైత్రంలో వీధులన్నీ వేషాలతో నిండిపోతాయి, అంత గుంపులో కూడా పులి వేషం వీధి చివరన ఉండగానే పోల్చుకుంటాం. మీ ఎనిమిది మందినీ గీసి లోపలంతా నల్ల ఇంకు నింపేయండి. ఆ నల్లటి ఆకారాలు చూసి ఎవరు ఎవరో చెప్పలేకపోతే మళ్ళీ గీయాలి, జుట్టు మారుస్తారో, భుజాలు పెంచుతారో, చేతికి ఏదన్నా ఇస్తారో మీ ఇష్టం. ఎక్స్-మెన్ కామిక్‌లో 1977లో ఇంపీరియల్ గార్డ్ అనే జట్టుని ఒకేసారి గుంపుగా దించారు. డేవ్ కాక్రమ్ గీశాడు, అంతకుముందు డీసీ వాళ్ళ లీజియన్ ఆఫ్ సూపర్ హీరోస్ అనే పెద్ద జట్టు కామిక్ గీసిన చెయ్యి అది, గార్డుకి నమూనా కూడా ఆ లీజియనే. అంతమందిలో సగం పేర్లు గుర్తుండవు, ఆకారాలు మాత్రం గుర్తుంటాయి.

ఇక జాగా. దీని మీద ఎంతసేపు కూర్చుంటే అంత లాభం. ఫోన్‌లో మ్యాప్ తెరిచి గోపాల్‌పూర్ బీచ్‌ని పైనుంచి చూసినట్టు ఒక కాగితం మీద గీసుకోండి: ఒక పక్క సముద్రం, ఇసక, రోడ్డు, లైట్‌హౌస్, పాత రేవు తాలూకు మిగిలిన స్తంభాలు, ఊరు దాటాక మొగలి పొదలు. ఆ కాగితం మీద ఎనిమిది గింజలు పెట్టండి, కందిపప్పు నాలుగు, పెసలు నాలుగు. ప్రతి పేజీకీ ఎవరు ఎక్కడికి జరిగారో గింజల్ని జరిపి ఫోటో తీసుకోండి. తర్వాత బొమ్మ ఏ కోణంలో గీసినా మనుషులు తప్పిపోరు.

మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి ఎడమ వైపు నుంచి వచ్చేవాడు ముందుకు దూసుకొస్తున్నట్టు, కుడి నుంచి వచ్చేవాడు అడ్డం పడుతున్నట్టు అనిపిస్తుంది. కొండ జట్టుని మొదట ఎడమ నుంచి దించండి. రేవు జట్టు పైచేయి అయ్యాక వాళ్ళని ఎడమకి తీసుకురండి, కానీ ఊరికే తిప్పేస్తే అయోమయం. మధ్యలో పైనుంచి చూసిన ఒక పెద్ద ప్యానెల్ (పేజీలో ఒక్కో బొమ్మ గడి) పెట్టి, అందరూ ఎటు మారారో చూపించి అప్పుడు తిప్పాలి.

పేజీల లెక్కకి వస్తే, ఏ4 కాగితాలు నాలుగు మధ్యకి మడిస్తే 16 పేజీల పుస్తకం. తగువుకి మూడు, కొట్లాటకి తొమ్మిది, తర్వాత జరిగేదానికి రెండు, అట్టలు రెండు. 8, 9 పేజీలు ఒకే కాగితం మీద పక్కపక్కన వస్తాయి, కాబట్టి రెండు పేజీల పెద్ద బొమ్మ అక్కడే వెయ్యాలి, ఇంకెక్కడ వేసినా మడత దగ్గర చెయ్యి ఒక చోట, మోచెయ్యి ఒక చోట పడతాయి. ఆ పెద్ద బొమ్మని రెండు జట్లూ ఢీకొన్న క్షణానికి ఖర్చు చేసేస్తారు అందరూ. నేనైతే పోరు తిరగబడిన క్షణానికి దాస్తాను. అలాగే కుడి పేజీలో చివరి ప్యానెల్ ఎప్పుడూ ఒక ప్రశ్న మీద ఆగాలి, జవాబు పేజీ తిప్పాక ఎడమ పక్కన.

మన కథలో ఆ తిరుగుడు ఇలా రావచ్చు. పొగమంచు తీరమంతా కమ్మేస్తాడు. దీపం కంగారుపడి కళ్ళు వెలిగిస్తుంది. మంచులో వెలుతురు పడితే ఏమవుతుంది? హెడ్‌లైట్ హై బీమ్ వేసి పొగమంచులో బండి నడిపినవాళ్ళకి తెలుసు, అంతా తెల్లగా అయిపోయి ఎదుటివాడు అసలు కనపడడు. 6, 7 పేజీల్లో ప్యానెల్స్ అన్నీ దాదాపు ఖాళీగా వదిలేయండి, అక్కడక్కడా ఒక చెయ్యి, ఒక పాదం, మిగతాదంతా చప్పుళ్ళు. ఆ తెలుపులో ఊట నీళ్ళు తోడుతుంది, బండ ఎక్కడున్నాడో తనకి కనపడదు. పేజీ తిప్పగానే మంచు విడిపోయి 8, 9 మీద బండ నిలువునా పగిలి ఉన్నాడు, లంగరు తడి ఇసకలో నడుముదాకా కూరుకుపోయి ఉన్నాడు. రెండు జట్లకీ ఒకేసారి దెబ్బ. పైగా రెండు పేజీల బొమ్మలు గీసే పని కూడా తప్పింది, ఇది రహస్యంగా ఉంచుదాం.

దెబ్బ గీయడం. తగిలే క్షణం కంటే తగలబోయే ముందూ, తగిలిన తర్వాతా గీస్తే బలంగా ఉంటుంది, మధ్యలోది రెండు ప్యానెల్స్ మధ్య ఖాళీలో చదివేవాడే పూర్తి చేసుకుంటాడు. పిడికిలి కాగితంలోంచి బయటికి వస్తున్నట్టు ముందు పెద్దగా, వెనక ఒళ్ళు చిన్నగా గీసే పద్ధతికి అమెరికన్ కామిక్ చిత్రకారుడు జాక్ కిర్బీ బొమ్మలు చూడండి. శక్తి ఉప్పొంగుతున్నప్పుడు గుంపులు గుంపులుగా నల్లటి చుక్కలు పెట్టడం కూడా ఆయనదే, కిర్బీ క్రాకిల్ అంటారు, పెన్నుతో ఎవరైనా పెట్టొచ్చు.

విరిగినవి గీసేటప్పుడు ఇష్టమొచ్చినట్టు రాళ్ళు చల్లకండి. ఫైలిన్ మర్నాడు రోడ్డెక్కినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కరెంటు స్తంభాలన్నీ ఒకే వైపుకి ఒరిగి ఉన్నాయి, చెట్లు వేళ్ళతో, ఆ వేళ్ళు పట్టుకున్న మట్టితో సహా లేచిపోయి ఉన్నాయి, రేకు ఒకటి కొబ్బరి మానుకి చుట్టుకుపోయి ఉండటం కూడా చూసుంటారు. బలం ఎటు నుంచి వచ్చిందో ఆ వస్తువులే చెప్పేవి. ఎలుగు అరిచినప్పుడు కిటికీ అద్దాలు, సైన్ బోర్డులు, ఇసక అన్నీ వాడి నోటి నుంచి దూరంగా ఎగిరిపోవాలి. గాలివాటం విసిరిన మనిషి మొగలి పొదలో పడితే చొక్కా ఎలా చిరుగుతుందో తెలియాలంటే ఆ ఆకు ఒకటి చేత్తో పట్టుకుని చూడండి, రెండు అంచులకీ ముళ్ళే, వెనక ఈనెకి కూడా ముళ్ళే. గీతలు గీతలుగా, వరుసగా చీరుకుపోతుంది.

రక్తం ఎంత? అమెరికాలో 1954లో కామిక్స్ కోడ్ అని ప్రచురణకర్తలు తమకి తామే పెట్టుకున్న నియమాలు వచ్చాక కొన్ని దశాబ్దాలపాటు అక్కడి ప్రధాన కామిక్స్‌లో మితిమీరిన హింస చూపించనివ్వలేదు, అయినా ఆ కాలపు కొట్లాటలు నీరసంగా ఏమీ లేవు. నా లెక్కలో లీటర్ల కొద్దీ నల్ల ఇంకు పోయడం కంటే చదివేవాడు లెక్కపెట్టగలిగే ఒక్క గాయం చాలు. వల వేళ్ళు ఉన్నాయి కదా. మొదటి పేజీల్లో పది దారాలు స్పష్టంగా చూపించండి. బండ ఒక దారాన్ని లాగినప్పుడు ఒక వేలు విరుగుతుంది. తొమ్మిది. తర్వాత రెండు ఒకేసారి. ఏడు. ఎవరూ నోరెత్తి చెప్పనక్కర్లేదు, పాఠకుడు ప్రతి ప్యానెల్లో ఆ పిల్ల చేతులే చూస్తుంటాడు. చిన్నపిల్లలు కూడా చదువుతారనుకుంటే విరిగే క్షణం చూపించకుండా లంగరు మొహం చూపించండి, కూరుకుపోయి కదల్లేక చెల్లెల్ని చూస్తున్న మొహం.

మాటలు తక్కువ. గాల్లో ఎగురుతూ తన శక్తి గురించి తానే ఉపన్యాసం ఇచ్చే హీరో నాకు పరమ చిరాకు. "అన్నా, వదలకు" అంటే చాలు. బరంపురం కుర్రాళ్ళే కాబట్టి రోడ్డు మీద జనాన్ని తప్పుకోమని అరిచేటప్పుడు ఒడియా, తమలో తాము తిట్టుకునేటప్పుడు తెలుగు మాట్లాడనివ్వండి, సహజంగా ఉంటుంది. తెలుగు అక్షరాలకి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య బాగా ఖాళీ కావాలి. అందుకని ముందు మాటలు రాసి, చుట్టూ బుడగ గీసి, మిగిలిన చోట బొమ్మ వేసుకోండి. బొమ్మ అయ్యాక మాటలు ఇరికిస్తే పై వరుస ఒత్తులు, కింది వరుస గుడులు కొట్టుకుంటాయి. చప్పుళ్ళకి మన దగ్గర కరువేం లేదు: ఫెళఫెళ, ధడేల్, భళ్ళున, చర్రున, ఠప్. బండ పగిలేటప్పుడు ఫెళ్ అనే అక్షరాలే మధ్యలో బీటలిచ్చినట్టు గీయొచ్చు, ఎలుగు అరుపు పేజీ అంచు దాటి బయటికి పోవచ్చు.

ముగింపు పిడికిలితో ఇవ్వకండి. 1980లో వచ్చిన అన్‌కానీ ఎక్స్-మెన్ 137వ సంచికలో, క్రిస్ క్లేర్‌మాంట్ రాసి జాన్ బర్న్ గీసినది, ఎక్స్-మెన్ చంద్రుడి మీద ఇంపీరియల్ గార్డుతో తలపడి ఒక్కొక్కరే పడిపోతారు, చివరికి ఎవరి కోసం కొట్టుకుంటున్నారో ఆ జీన్ గ్రే, వాళ్ళ జట్టు మనిషే, తనే ప్రాణం తీసుకుని ఆ పోరు ఆపేస్తుంది. గెలిచామని ఎవరూ చెప్పుకోలేరు. మన కథలో గాలివాటం ఆఖరి నిమిషంలో చెయ్యి ఎత్తాలా వద్దా అన్నది మీ చేతిలో ఉంది, ఎత్తితే 14, 15 పేజీలు కొండ మీద జరగాలి, ఎత్తకపోతే గోపాల్‌పూర్‌లో. ఏదైనా తుపాను వెళ్ళిన మర్నాడు గీయండి, వల చేతులకి కట్లు ఉండాలి.

జిరాక్స్‌కి ఇచ్చేముందు ఒక మాట. పెన్సిల్ షేడింగ్ జిరాక్స్‌లో రాదు, వచ్చినా మురికిలా వస్తుంది, కాబట్టి నీడలన్నీ పెన్ను గీతలతోనే. పెద్ద నల్ల భాగాలు మచ్చలు మచ్చలుగా పడతాయి, ముందు ఒక్క కాగితం తీయించి చూసుకోండి. చుట్టూ ఒక సెంటీమీటరు అంచు వదలండి. కాగితాలు రెండు వైపులా తీయించేటప్పుడు తెల్ల కాగితాలు మడిచి చిన్న నమూనా పుస్తకం చేసి, పేజీ నంబర్లు వేసి షాపులో ఇవ్వండి, లేకపోతే 3 పక్కన 14 రావాల్సిన చోట ఇంకేదో వస్తుంది. స్టేప్లర్ మామూలుది మధ్యదాకా అందదు, పెద్దది వాళ్ళ దగ్గరే అడగండి.