ఒంటరిగా ఫారెస్టర్ కనుమ దాటే రోజు: ఏ వేళకు ఏం చేయాలి

కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా పర్వతాల్లో యోసెమిటీ లోయ నుంచి మౌంట్ విట్నీ శిఖరం దాకా సుమారు 340 కిలోమీటర్లు సాగే జాన్ మ్యూర్ ట్రైల్‌ను ఒంటరిగా నడిచే తెలుగువారు, ముఖ్యంగా బే ఏరియాలో స్థిరపడినవారు, ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నారు. ఆ దారి చివరి భాగంలో, కింగ్స్ కాన్యన్, సెకోయా జాతీయ ఉద్యానవనాల సరిహద్దు మీద, 13,153 అడుగుల (4,009 మీటర్ల) ఎత్తులో ఫారెస్టర్ పాస్ అనే కనుమ ఉంది. ఇదే బాటను పంచుకుంటూ సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ మొత్తంలో ఇంతకన్నా ఎత్తైన చోటు లేదు. ఉత్తరాన విడెట్ మెడో అనే పచ్చికబయలులో రాత్రి బస చేసి, తెల్లవారుజామున బయలుదేరి, ఈ కనుమ దాటి, సాయంత్రానికి టిండాల్ క్రీక్ వాగు చేరుకునే ఒక్క రోజు నడకను ఎలా సాగించాలో ఇక్కడ వివరిస్తున్నాను. దూరం సుమారు 20 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు 1,100 మీటర్ల దాకా ఉంటుంది.

ఇద్దరు నడుస్తున్నప్పుడు ఒకరి మాట తడబడితే రెండోవారు గమనిస్తారు, ఒకరు మొండికేస్తే రెండోవారు వెనక్కి లాగుతారు. ఒంటరిగా నడిచేవారికి ఆ రెండో కన్ను ఉండదు. పైగా గాలి పలుచబడిన చోట మొదట మందగించేది మన నిర్ణయశక్తే, కాబట్టి ఆ నిర్ణయాలను అక్కడిదాకా మిగుల్చుకోకూడదు. ఎన్ని గంటలకు ఎక్కడ ఉండాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆగాలి, ఏ వేళ దాటితే వెనక్కి తిరగాలి అన్నవి ముందు రాత్రి టెంట్‌లో, కడుపు నిండి మనసు నిదానంగా ఉన్నప్పుడే ఒక కాగితం మీద రాసుకొని చొక్కా జేబులో పెట్టుకోవాలి. ఫోన్‌లో రాసుకుంటే చలికి బ్యాటరీ పడిపోయే వేళకే దానితో పని పడుతుంది.

ఆ వేళలను ఊహతో కాక లెక్కతో వేసుకోవాలి. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం నేటికీ అక్కరకు వస్తుంది: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. విడెట్ మెడో నుంచి కనుమ దాకా దూరం 12 కిలోమీటర్లు అనుకుంటే ఈ సూత్రం ప్రకారం నాలుగుంపావు గంటలు పడుతుంది. వీపు మీది బరువుకు, పలుచని గాలికి దానిలో సగం కలిపితే ఆరు గంటలు దాటుతుంది. అంటే ఉదయం ఐదున్నరకు బయలుదేరితే మధ్యాహ్నానికి కనుమ చేరతారు. నా కాగితం మీద మాత్రం ఒంటిగంట అన్నది గీత గీసినట్టు ఉంటుంది, ఆ వేళకు కనుమ మీద లేకపోతే ఎంత దగ్గర్లో ఉన్నా వెనక్కి తిరగడమే. జూలై, ఆగస్టు నెలల్లో ఈ పర్వతాల మీద మధ్యాహ్నం దాటాక ఉరుములు, మెరుపులు రావడం సాధారణం కాబట్టి ఆ గంటను ఎంచుకున్నాను. చెట్టన్నది లేని ఆ రాతి గోడ మీద పిడుగుపాటుకు అందేంత ఎత్తులో ఉండేది నడిచే మనిషి ఒక్కడే.

కాలం ఎంపిక విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మొదటిసారి ఒంటరిగా వెళ్ళేవారు ఆగస్టు నుంచి సెప్టెంబరు నడిమి దాకానే వెళ్ళాలి. కనుమకు దక్షిణం వైపు, శిఖరపు అంచుకు కాస్త దిగువన, బాట ఒక నిటారు రాతి చీలికను అడ్డంగా దాటుతుంది. మంచు ఎక్కువ కురిసిన ఏడాదిలో ఆ చీలిక జూలై దాకా గడ్డకట్టిన మంచుతో నిండి ఉంటుంది. అడ్డంగా నడవవలసింది కొన్ని అడుగులే అయినా కాలు జారితే ఆగే చోటు ఉండదు. ఐస్ యాక్స్ (మంచులో గుచ్చి పట్టు నిలుపుకునే గొడ్డలి) వాడడం చేతనైనవారికి కూడా తోడు లేకుండా అది దాటమని నేను చెప్పను.

అనుమతిపత్రం సంగతి క్లుప్తంగా చెబుతాను. యోసెమిటీ నుంచి మొత్తం దారి నడిచేవారు అక్కడి లాటరీలో పాల్గొనాలి. ఈ భాగం మాత్రమే నడవాలనుకునేవారు ఆనియన్ వ్యాలీ నుంచి 11,760 అడుగుల కియర్‌సార్జ్ పాస్ మీదుగా ప్రవేశించవచ్చు, దానికి ఇన్యో నేషనల్ ఫారెస్ట్ అనుమతి కావాలి. ఏ దారిన వచ్చినా ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బా తప్పనిసరి. తిండితో పాటు టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, ఖాళీ మసాలా పొట్లాలు, వాసన వచ్చేది ఏదైనా సరే, రాత్రి దానిలోనే ఉండాలి. డబ్బాను టెంట్‌కు దూరంగా, వాగులోకి దొర్లిపోని చోట పెట్టాలి.

తిండి విషయంలో మన వంటిల్లు ఎంతో ఆదుకుంటుంది, కానీ ఒక మెలిక ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది, 3,000 మీటర్ల దగ్గర అది 90 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. ఆ నీటిలో కందిపప్పు మెత్తబడడానికి చాలాసేపు పడుతుంది, ఈలోగా గ్యాస్ అయిపోతుంది. అందువల్ల ముందే వేగినవి, ఆవిరి పట్టినవి తీసుకెళ్ళాలి: అటుకులు, వేయించిన సేమియా, వేయించిన ఉప్మా రవ్వ, కందిపొడి, నెయ్యి. నెయ్యి గ్రాముకు దాదాపు 9 కేలరీలు ఇస్తుంది, మోసే బరువుకు నెయ్యి, నూనెల్లాంటి కొవ్వులంత శక్తినిచ్చే పదార్థం మరొకటి దొరకదు. పగటి నడకలో ఆకలి వేసే దాకా ఆగకుండా గంటకోసారి కాస్త తినాలి. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, అప్పుడు తీపి మాత్రమే తెచ్చుకున్నవారు ఏదీ నోట పెట్టలేరు. పల్లీపట్టీతో పాటు ఉప్పు వేసి వేయించిన వేరుశనగలు, పుల్లగా ఉండే మామిడి తాండ్ర ఉంటే నోరు తిరిగి తెరుచుకుంటుంది.

ఉదయం స్టౌ వెలిగించకండి. రాత్రే పాలపొడి, ఎండుద్రాక్ష కలిపి నానబెట్టిన అటుకులు చల్లగానే తిని, అర లీటరు నీళ్ళు తాగి, హెడ్‌ల్యాంప్ వెలుగులో టెంట్ మడవాలి. బయలుదేరే ముందు పడుకున్న చోటును, కూర్చున్న రాయిని లైటు వేసి ఒకసారి చుట్టి చూడాలి. మరిచిపోయిన వస్తువును అడిగి తెప్పించుకోవడానికి వెనక ఎవరూ రారు. బబ్స్ క్రీక్ వాగు వెంట దారి పైన్ చెట్ల మధ్యగా ఎక్కుతుంది, నీటికి కొదవ ఉండదు కాబట్టి ఇక్కడ ఒక లీటరుకు మించి మోయనవసరం లేదు. తాగే ప్రతి చుక్కనూ వడకట్టాలి.

నడక వేగానికి గడియారం కన్నా ఊపిరే మంచి కొలత. ఒక పూర్తి వాక్యాన్ని మధ్యలో ఆగకుండా పైకి పలకగలిగితే వేగం సరిపోయినట్టు, పలకలేకపోతే అడుగు తగ్గించాలి. త్వరగా నడిచి తరచూ ఆగేవారి కన్నా, నెమ్మదిగా నడుస్తూ ఆగకుండా పోయేవారే ముందు చేరతారు. సెంటర్ బేసిన్ దారి చీలే చోటు దాటాక చెట్లు పలుచబడి కాసేపటికి పూర్తిగా ఆగిపోతాయి. ఆ చివరి చెట్ల దగ్గరే ఆగి, ఆకాశాన్ని నిదానంగా చూసి, పైకి వెళ్ళాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. పది గంటలకే మేఘాలు గోపురాల్లా నిలువుగా పెరుగుతుంటే ఆ రోజుకు అక్కడే ఆగిపోవడం మంచిది. పైకి వెళ్ళాక ఉరుము వినిపిస్తే మెరుపుకు, ఉరుముకు మధ్య సెకన్లు లెక్కపెట్టండి. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. ముప్ఫై సెకన్ల లోపే ఉరుము వినిపించిందంటే గాలివాన పది కిలోమీటర్ల లోపే ఉందని, వెంటనే దిగాలని అర్థం.

ఈ ఎక్కుడులో పాదాల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దూరపు నడకలను ఆపేసేది ఎక్కువగా అవే. మడమ వెనకో చిటికెన వేలి పక్కనో చర్మం వెచ్చబడినట్టు తోచిన క్షణమే ఆగాలి, తర్వాతి మలుపు దాకా కూడా వాయిదా వేయకూడదు. బూటు విప్పి మేజోడును లోపలి వైపుకు తిప్పి దులిపితే గ్రానైట్ ఇసుక రాలుతుంది. కంటికి ఆనని ఆ గరుకు రవ్వే వేల అడుగుల్లో చర్మాన్ని ఒలుస్తుంది. పాదాన్ని తుడిచి, గాలికి పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు మెడికల్ టేపు అంటించాలి. టేపు మూలలను కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తే మేజోడుకు తగిలి లేవవు. తడి చర్మం మీద అంటించిన టేపు గంటలో ముద్దై, లేని పొక్కును తెచ్చిపెడుతుంది.

కనుమకు దిగువన ఉన్న సరస్సు దగ్గర ఇరవై నిమిషాలు విశ్రాంతి తీసుకొని శరీరాన్ని పరీక్షించుకోండి. 4,000 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో ఐదింట మూడు వంతులే ఉంటుంది. మన తూర్పు కనుమల్లో అత్యున్నత శిఖరాలు కూడా 1,700 మీటర్లకు లోపే కాబట్టి అక్కడి నడకల అనుభవం కాళ్ళకు పనికివస్తుంది గానీ ఊపిరితిత్తులకు కాదు. కొద్దిపాటి తలనొప్పి మాత్రమే ఉంటే నీళ్ళు తాగి, తిని, తగ్గుతుందేమో చూడవచ్చు, అది తగ్గే దాకా పైకి వెళ్ళకూడదు. వాంతి వచ్చినా, కూర్చున్నా ఆయాసం తీరకపోయినా, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్ళకు ఆనిస్తూ గీత మీద నడిచినట్టు పది అడుగులు తూలకుండా వేయలేకపోయినా వెంటనే దిగాలి. నేను నూరు నుంచి ఏడేడు తీసేస్తూ బయటికి వినిపించేలా లెక్కపెడతాను. ఇంటి దగ్గర తడుముకోకుండా చెప్పే అంకెలు అక్కడ చిక్కుపడితే అదే ఆ రెండో మనిషి హెచ్చరిక అనుకుంటాను.

దిగేటప్పుడు ఏ దారి అన్నదీ ముందే తెలిసి ఉండాలి. మ్యాపులో చూస్తే కియర్‌సార్జ్ మీదుగా ఆనియన్ వ్యాలీ రోడ్డు దగ్గరగా కనిపిస్తుంది, కానీ ఆ దారి మళ్ళీ 3,500 మీటర్లు దాటిన ఎత్తుకు ఎక్కిస్తుంది. ఎత్తు వల్ల జబ్బుపడినవారికి దిగుడే మందు కాబట్టి, దూరం ఎక్కువైనా బబ్స్ క్రీక్ వెంట పడమరగా దిగిపోవాలి. కాలు బెణికినవారికి, తిండి అయిపోయినవారికి మాత్రం కియర్‌సార్జ్ సరైనది. కనుమ దాటాక తూర్పున షెపర్డ్ పాస్ దారి ఉంది గానీ అది నిటారుగా, చాలా పొడుగ్గా దిగుతుంది, ఓపిక లేనివారు దాన్ని నమ్ముకోకూడదు.

కనుమ మీద పది నిమిషాలు చాలు. చెమట పట్టిన ఒంటికి గాలి తగలక ముందే జాకెట్ వేసుకొని, అప్పుడు దక్షిణానికి చూడండి: ఎండిన రాతి మైదానాలు, నీలి సరస్సులు, దూరాన విట్నీ వైపు సాగే శిఖరాలు. సంచిని, ట్రెక్కింగ్ కర్రలను చేతికి అందేంత దగ్గరలో ఉంచుకోవాలి, చెమటలోని ఉప్పు కోసం మార్మాట్లు (ఉడుత జాతికి చెందిన పెద్ద కొండ జంతువులు) పట్టీలను, పిడులను కొరికేస్తాయి. ఇక్కడి నుంచి బాట నిలువు గోడను తొలిచి వేసిన మెలికలుగా దిగుతుంది. ఈ దారి పనిలో 1930లో ప్రాణం కోల్పోయిన డోనాల్డ్ డౌన్స్ అనే యువ కార్మికుడి స్మారక ఫలకం ఆ మెలికల్లోనే ఉంది, అక్కడ ఒక్క నిమిషం ఆగమని కోరుతాను. దిగేటప్పుడు కర్రలను కాస్త పొడుగు చేసుకొని, మోకాళ్ళు వంచి, చిన్న అడుగులు వేయాలి. గమ్యం దాటేశామన్న ధీమాతో కాలు జారేది ఎక్కువగా ఈ దిగుడులోనే.

సాయంత్రం నాలుగైదు గంటలకు టిండాల్ క్రీక్ చేరతారు. ఎత్తు సుమారు 3,300 మీటర్లు. విడెట్ మెడో కన్నా పడక ఎత్తు, అంటే రాత్రి పడుకునే చోటి ఎత్తు, పెరిగింది 400 మీటర్లే, రోజుకు 500 మీటర్లకు మించి పడక ఎత్తు పెంచకూడదన్న నియమానికి ఇది లోబడే ఉంది. టెంట్‌ను వాగుకు కనీసం 100 అడుగుల దూరంలో, ఇదివరకే వాడిన మట్టి నేల మీద వేయాలి. సేమియా ఉప్మా వేడిగా తిని, పాదాలు కడిగి, రాత్రికని విడిగా దాచిన పొడి మేజోళ్ళు వేసుకోండి. నీటి ఫిల్టరును స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకొని పడుకోవాలి, దానిలో మిగిలిన తడి ఒకసారి గడ్డకడితే లోపలి సన్నని గొట్టాలు పగిలి పైకి తెలియకుండానే పనికిరాకుండా పోతుంది.

చీకటి పడక ముందే శాటిలైట్ పరికరంతో ఇంటికి సందేశం పంపండి: ఎక్కడ ఉన్నారు, ఒంట్లో ఎలా ఉంది, రేపు ఎక్కడి దాకా. ప్రయాణానికి ముందే ఇంట్లోవారితో ఒక ఒప్పందం చేసుకోవాలి. ఒక రాత్రి సందేశం రాకపోతే అది పరికరం లోపం అనుకోవాలి, మర్నాటి రాత్రి కూడా రాకపోతే పార్కు రేంజర్లకు ఫోన్ చేసి అనుమతిపత్రం నకలు, దారి వివరాలు, టెంట్ రంగు చెప్పాలి. ఈ మాట ముందే అనుకోకపోతే అమ్మానాన్నలు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మొదటి రాత్రే నిద్ర మానేస్తారు, లేదా ఏం చేయాలో తెలియక మూడు రోజులు వేచి చూస్తారు.

వాగు ఆ సాయంత్రమే దాటాలా అన్న సందేహం వస్తుంది. పగటి ఎండకు కరిగిన మంచునీరు దిగి వచ్చేది సాయంత్రానికే కాబట్టి, ముఖ్యంగా జూలైలో, ఆ వేళకు వాగు ఉధృతంగా ఉంటుంది. ఉత్తరపు ఒడ్డునే పడుకొని, మంచు మళ్ళీ బిగుసుకొని నీరు తగ్గిన తెల్లవారుజామున, సంచి నడుము పట్టీ విప్పి, కర్రలు ఆనించి, ఒక్కొక్క కాలే కదుపుతూ దాటండి.